మాండలికం మీద థీసిస్, అందులో మాట్లాడే మనిషే లేడు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29 దగ్గరపడుతోందంటే అన్ని పత్రికల్లోనూ తెలుగు గురించి వ్యాసాలు వరసగా వస్తాయి. భాష చచ్చిపోతోందని కొందరు రాస్తారు, అలాంటిదేమీ లేదని ఇంకొందరు రాస్తారు, నేను అన్నీ చదువుతాను. ఈ ఉత్తరం ఆ వాదన గురించి కాదు. మన యూనివర్సిటీల్లో తెలుగు, భాషాశాస్త్రం చదివే పిల్లలకు పరిశోధన ఎలా చెయ్యాలో మనం నేర్పడం లేదు, దాని గురించి రాస్తున్నాను. నేను భాషాశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని. ఎం.ఏ. ప్రాజెక్టులు, పీహెచ్‌డీ సినాప్సిస్‌లు చూస్తుంటాను, థీసిస్‌లన్నీ ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పెట్టిన థీసిస్‌లు తెరిచి చదువుతుంటాను. వాటిలో మంచివి ఉన్నాయి, చాలా కష్టపడి చేసినవి ఉన్నాయి, వాటికి దండం పెడతాను. కానీ ఎక్కువ భాగం ఎలా ఉంటున్నాయంటే, అట్ట మీద ఫలానా జిల్లా మాండలికం అని ఉంటుంది, లోపల మొదటి అధ్యాయంలో భాష అంటే ఏమిటి, రెండో అధ్యాయంలో మాండలికం అంటే ఏమిటి, మూడో దాంట్లో జిల్లా చరిత్ర, నదులు, పంటలు, గుళ్ళు, ఆ తరవాత ఒక పదాల పట్టిక. ఆ పదం ఏ ఊళ్ళో విన్నారు, ఎవరి నోట విన్నారు, ఆ మనిషి వయసెంత, చదువుకున్నాడా లేదా, ఏ పని చేస్తాడు, ఏ సందర్భంలో ఆ మాట అన్నాడు, ఇవేవీ ఉండవు. పోనీ ఆ రికార్డింగ్ వినిపించమంటే రికార్డింగే లేదంటారు.

తప్పు పిల్లలది కాదు. పీహెచ్‌డీలో చేరగానే కోర్స్ వర్క్ అని ఒకటి ఉంటుంది, అందులో రీసెర్చ్ మెథడాలజీ పేపరు తప్పనిసరి, పైగా 2019 చివర్లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ పరిశోధన నైతికత మీద 2 క్రెడిట్ల కోర్సు కూడా తప్పనిసరి చేసింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ క్లాసులో జరిగేదేమిటంటే ప్రాకల్పన (హైపోథెసిస్) అంటే ఏమిటి, శాంప్లింగ్ ఎన్ని రకాలు, ప్రాథమిక ఆధారాలకీ ద్వితీయ ఆధారాలకీ తేడా ఏమిటి అని నోట్స్ చెప్పడం, పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాసెయ్యడం. అన్ని సబ్జెక్టులకూ కలిపి ఒకే నోట్స్ నడిచిపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఒక మనిషి ఎదురుగా కూర్చుని అతని మాటను ఎలా వినాలి, ఎలా రికార్డు చెయ్యాలి, విన్నదాన్ని కాగితం మీద ఎలా ఎక్కించాలి అన్నది ఎవరూ చేయించరు.

దాంతో వాళ్ళకు తెలిసిన దారి ఒక్కటే, గూగుల్ ఫామ్. “మీ ఇంట్లో ఈ వస్తువును ఏమంటారు? మీరు ‘వస్తది’ అంటారా, ‘వస్తుంది’ అంటారా?” అని ఓ ఇరవై ప్రశ్నలు తయారుచేసి క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, సాయంత్రానికల్లా జవాబులు వచ్చేస్తాయి, వాటికి శాతాలు కట్టి రంగురంగుల బొమ్మలు గీస్తారు. ఇందులో ఉన్న తప్పు చాలామంది గైడ్‌లకే పట్టడం లేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. జవాబిచ్చినవాళ్ళందరూ ఒకే వయసు, ఒకే చదువు ఉన్నవాళ్ళు కావడం ఒక సమస్య, అది అందరికీ కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద సమస్య ఏమిటంటే, ‘నువ్వు ఎలా మాట్లాడతావు’ అని అడిగితే మనిషి తను ఎలా మాట్లాడాలనుకుంటాడో అది చెబుతాడు. అబద్ధం చెప్పాలని కాదు. బళ్ళో మాస్టారు తప్పని కొట్టిన మాట ఇప్పటికీ ఇంట్లో వాడుతూనే ఉంటాడు, కానీ ఫామ్‌లో టిక్కు పెట్టేటప్పుడు పుస్తకంలో ఉన్న మాట దగ్గర పెడతాడు. లేదా ఈమధ్య తెలంగాణ మాటకు గౌరవం పెరిగింది గనక, ఇంట్లో అనకపోయినా ‘వస్తది’ దగ్గర పెడతాడు. ఆ ఫామ్ వల్ల మనకు తెలిసేది ఆ మనిషికి ఏ మాట మీద గౌరవం ఉందో అన్నది మాత్రమే. అదీ పరిశోధించదగ్గ విషయమే, కాదనను, కానీ దాన్ని తీసుకొచ్చి వాడుక అని చూపించకూడదు.

ఈ చిక్కును తప్పించుకోవడానికి విలియం లబోవ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లో ఏం చేశాడో ప్రతి విద్యార్థికీ చెప్పాలి. ఆయన అప్పటికింకా విద్యార్థే. న్యూయార్క్ వాళ్ళు కొన్ని మాటల్లో ‘ర్’ను కొన్నిసార్లు పలుకుతారు, కొన్నిసార్లు మింగేస్తారు, దానికీ మనుషుల హోదాకీ సంబంధం ఉందా అన్నది ఆయన ప్రశ్న. డబ్బున్నవాళ్ళు వెళ్ళే కొట్టు ఒకటి, మధ్యతరగతి వెళ్ళేది ఒకటి, చవక సరుకు దొరికేది ఒకటి, మూడు పెద్ద కొట్లు ఎంచుకున్నాడు. నాలుగో అంతస్తులో ఏముందో ముందే కనుక్కుని, కింద పనిచేసేవాళ్ళను ‘ఫలానా వస్తువు ఎక్కడ?’ అని అడిగాడు. వాళ్ళు ‘ఫోర్త్ ఫ్లోర్’ అన్నారు. వినపడనట్టు ముందుకు వంగి మళ్ళీ అడిగాడు, ఈసారి వాళ్ళు కాస్త ఒత్తి జాగ్రత్తగా చెప్పారు. పక్కకు వెళ్ళి నోట్ చేసుకున్నాడు. రెండు మాటల్లో రెండు ‘ర్’లు, మామూలుగా అన్నప్పుడు ఒకసారి, జాగ్రత్తగా అన్నప్పుడు ఒకసారి. ఇలా 264 మంది దగ్గర సేకరించాడు. ఖరీదైన కొట్లో ‘ర్’ ఎక్కువ వినపడింది, చవక కొట్లో తక్కువ వినపడింది. ఎవరూ తమ భాషను ఒకాయన పరీక్షిస్తున్నాడని అనుకోలేదు, అందుకే ఆ డేటాకు అంత విలువ. ఎవరూ గమనించనప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో తెలియాలి, కానీ అది తెలియాలంటే మనం గమనించాలి, ఇదే అసలు చిక్కు అని లబోవే తరవాత రాశాడు.

దీన్ని మన దగ్గర చెయ్యడానికి లక్షలు అక్కర్లేదు. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఒక పెద్ద షోరూమ్, ఒక మామూలు బట్టల కొట్టు, సంతలో ఒక దుకాణం తీసుకోండి. దొరకదని ముందే తెలిసిన సరుకు అడిగి “కొత్త స్టాకు ఎప్పుడు?” అనండి. ‘రేపొస్తది’ అంటారో ‘రేపు వస్తుంది’ అంటారో వినండి. వినపడనట్టు “ఆఁ?” అనండి, రెండోసారి మాట మారిందేమో చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ ప్రశ్నలో ‘వస్తుందా’ అనిగానీ ‘వస్తదా’ అనిగానీ ఉండకూడదు, ఉంటే అవతలి మనిషి మీ మాటనే తిరిగి అప్పజెప్పే అవకాశం ఎక్కువ. అందుకే క్రియ లేకుండా అడగాలి. పద్ధతి అంటే ఇలాంటి జాగ్రత్తలే, వీటి కోసమే ఆ మెథడాలజీ పేపరు పెట్టారు, నిర్వచనాల కోసం కాదు.

ఎదురుగా కూర్చోబెట్టి రికార్డు చేసేటప్పుడు కూడా మనిషి మైకు చూసి బిగుసుకుపోతాడు. లబోవ్ దానికీ ఒక ఉపాయం చెప్పాడు, ‘చావు తప్పి బయటపడిన సందర్భం ఎప్పుడైనా ఉందా’ అని అడగమన్నాడు, ఆ కథలో పడ్డాక మనిషి మైకును మరిచిపోతాడని. దివిసీమలో పెద్దవాళ్ళను 1977 నవంబరు ఉప్పెన గురించి అడిగి చూడండి, ప్రశ్నావళిలో వందసార్లు అడిగినా రాని మాటలు వస్తాయి. కాకపోతే అది వాళ్ళ బతుకులో పెద్ద దుఃఖం, మనకు క్రియారూపాలు కావాలని వాళ్ళను ఏడిపించకూడదు, గొంతు పూడుకుపోతే రికార్డర్ ఆపి కూర్చోవాలి. అంత దూరం వెళ్ళకుండా పెళ్ళిళ్ళ గురించో, చిన్నప్పటి ఆటల గురించో, బావి తవ్వించిన సంగతో అడిగినా చాలావరకు పని జరుగుతుంది.

ఇవన్నీ అమెరికా పద్ధతులు, మనకెందుకు అనేవాళ్ళు ఉన్నారు. మన దగ్గర ఇంతకన్నా ముందే చేశారు. ఏ గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నామో, ఆయన పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. పుస్తకం చూసి కాదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండల్లో తిరిగారు, మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. సవరలో గొంతు దగ్గర గాలి ఠక్కున ఆగిపోయే ధ్వని ఒకటి ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు, చెవితో పట్టుకోవాల్సిందే. సభల్లో ఆయన ఫొటోకి దండలు వేస్తాం, వ్యావహారిక వాదం గురించి ఉపన్యాసాలు ఇస్తాం, ఆయన పనిచేసిన తీరు గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడరు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారిదీ అదే దారి. మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది, చేనేత పదాలది 1971లో వచ్చింది. జిల్లా జిల్లాలో ఊళ్ళు ఎంచుకుని, ఆ పని చేసే రైతును, నేతగాణ్ణి అడిగి రాసుకున్న మాటలవి, ఏ మాట ఎక్కడిదో పక్కనే ఉంటుంది. అలా పోగైన మాటల వల్లే తెలుగు నాలుగు మాండలిక ప్రాంతాలుగా ఉందని, తెలంగాణ, రాయలసీమ నెల్లూరు, విశాఖ శ్రీకాకుళం, మధ్య కోస్తా అని ఆయన చెప్పగలిగారు. ఈ నాలుగు భాగాల లెక్కను ఇవాళ ప్రతి థీసిస్‌లోనూ రెండో అధ్యాయంలో ఎత్తి రాస్తున్నారు. బోరుబావులు, ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, టీవీ, హాస్టల్ చదువులు వచ్చాక ఆ మాండలికాల హద్దులు ఇంకా అక్కడే ఉన్నాయా, జరిగాయా అని వెళ్ళి చూసేవాళ్ళు ఎంతమంది? ఆయన అడిగిన ప్రశ్నలే పట్టుకుని, ఏదో ఒక మండలంలో మళ్ళీ అడిగినా మంచి పీహెచ్‌డీ అవుతుంది.

ఇంకో సంగతి. బ్రిటిష్ ప్రభుత్వ అధికారి గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వే 1894లో మొదలై 1928 దాకా సాగింది, కానీ మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్ సంస్థానం, మైసూరు అందులో చేరలేదు. అంటే ఉత్తరాది భాషలకు ఉన్నట్టు వందేళ్ళ కిందటి ఊరూరి నమూనాలు మన తెలుగుకు అంతగా లేవు. 2011 జనాభా లెక్కలు తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8.11 కోట్లని చెబుతాయి, అంతే, వాళ్ళు ఎలా మాట్లాడతారో జనాభా లెక్కలు చెప్పలేవు. ఆ ఖాళీ పూరించాల్సింది యూనివర్సిటీలే కదా, ఇంకెవరు పూరిస్తారు.

రాసుకోవడం దగ్గర కూడా పెద్ద ఇబ్బంది ఉంది. మన పిల్లలు విన్నది నేరుగా తెలుగు లిపిలో రాసేస్తారు. ‘చలి’లో చ, ‘చీమ’లో చ ఒకటి కాదు, పలికి చూసుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘వచ్చాడు’ అన్నప్పుడు కోస్తాలో మధ్యలో పలికేది నిండు ‘ఆ’ కాదు, ‘ఏ’ కూడా కాదు, ఆ రెండిటి నడుమ ఉండే శబ్దం, దానికి మన అక్షరాల్లో చోటు లేదు, కొందరు వచ్చేడు అనీ కొందరు వచ్చాడు అనీ రాసింది అందుకే. మాండలికాల మధ్య అసలు తేడా ఇలాంటి చోట్లే ఉంటుంది, లిపిలో పెట్టగానే అది కనపడకుండా పోతుంది. ఏ భాష ధ్వనినైనా గుర్తులతో రాయగలిగే అంతర్జాతీయ ధ్వనిలిపిని ఎం.ఏ. మొదటి సెమిస్టర్‌లో నేర్పుతారు, మార్కులు వేస్తారు, ప్రాజెక్టుకు వచ్చేసరికి ఎవరూ వాడరు. ప్రతి వారం ఓ రెండు నిమిషాల మాట వినిపించి ధ్వనిలిపిలో రాయించండి, ఇద్దరు విద్యార్థులతో విడివిడిగా రాయించి పోల్చండి, ఎక్కడ ఇద్దరి చెవులూ కలవలేదో అక్కడ మళ్ళీ వినిపించండి. ఇంకా అనుమానం ఉంటే ప్రాట్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో బోర్స్మా, వేనింక్ అనే ఇద్దరు తయారుచేసిన సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు, అచ్చు ధ్వని పొడవు ఎంతో మిల్లీ సెకన్లలో చూపిస్తుంది. రికార్డింగ్ పక్కనే మాటను వరసగా రాసుకోవడానికి ఇలాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే. ఫోన్‌తోనే రికార్డు చెయ్యండి, పరవాలేదు, కాకపోతే ధ్వనిని కుదించని వేవ్ ఫార్మాట్‌లో చెయ్యండి, ఫ్యాను ఆపండి, ఫోను మనిషికి దగ్గరగా పెట్టండి, దాన్ని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం తెప్పించుకోవద్దు, అది ధ్వనిని కుదించేస్తుంది, తరవాత కొలవడానికి ఏమీ మిగలదు.

వాక్యాల మీద పనిచేసేవాళ్ళది ఇంకో తంతు. ‘ఈ వాక్యం సరైనది, ఇది కాదు’ అని తనే రాసి, తప్పనుకున్న వాక్యం ముందు తనే చుక్క గుర్తు పెట్టి, దాని మీద సిద్ధాంతం కట్టేస్తారు. సొంత భాష గనక తన తీర్పు చాలనుకుంటారు. ‘రైతూ ఎద్దులూ’ అన్న తరవాత ‘వచ్చారు’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా? మీ ఇంట్లో అందరినీ విడివిడిగా అడిగి చూడండి, చాలామంది ఒక్క క్షణం ఆగుతారు, కొందరు వాక్యాన్నే మార్చి ‘రైతు ఎద్దుల్ని తోలుకుని వచ్చాడు’ అంటారు. అలా ఆగడం, తప్పించుకోవడం కూడా డేటానే. ఇలాంటి వాక్యాలు కొన్ని, మామూలు వాక్యాలు ఎక్కువ కలిపి, వరస మార్చి మార్చి, రకరకాల మనుషులకు వినిపించి ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వెయ్యమనాలి. ఈ పని గూగుల్ ఫామ్‌తో కూడా చెయ్యొచ్చు, నేను ఫామ్‌కు శత్రువును కాను, ఏ ప్రశ్నకు ఏ పనిముట్టు అన్నది తెలియాలంటున్నాను. ఈమధ్య కొందరు ఏఐని అడిగి మాండలిక ఉదాహరణలు రాయించుకుని వాటిని సేకరించిన మాటలుగా చూపిస్తున్నారు. అది నేరుగా మోసం, దాని గురించి చర్చ కూడా అనవసరం.

అన్నిటికన్నా నన్ను కుదురుగా ఉండనివ్వనిది చివరి విషయం. ఇంత కష్టపడి ఎవరైనా రికార్డు చేస్తే ఆ రికార్డింగులు ఎక్కడికి పోతున్నాయి? నాకు తెలిసిన ఒక విద్యార్థిని ఏజెన్సీ ఊళ్ళలో తిరిగి ముసలివాళ్ళ మాటలు, పాటలు గంటల తరబడి రికార్డు చేసుకుంది. థీసిస్‌తో పాటు సీడీ ఇచ్చింది, డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో ఒక కాపీ పెట్టింది. కొన్నేళ్ళకు కంప్యూటర్ ఫార్మాట్ చేశారు, సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఆ పాటలు పాడిన మనుషుల్లో కొందరు ఇప్పుడు లేరు. థీసిస్ మాత్రం బైండింగ్‌తో భద్రంగా ఉంది. పుస్తకం పోతే మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు, ఆ గొంతులను ఎక్కణ్ణుంచి తెస్తాం? కొలామీ, గోండీ, కోయ, కువి, కొండ, గదబ, సవర, ఇన్ని భాషలు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 10 వేల మంది కన్నా తక్కువ మాట్లాడే భాషల కోసం 2013లో ఒక పథకం పెట్టి పనిచేస్తోంది, మంచిదే, కానీ 10 వేలు దాటిన భాషల సంగతి, తెలుగు మాండలికాల సంగతి మన యూనివర్సిటీలు చూసుకోవాలి. శోధ్‌గంగలో థీసిస్ పెట్టడం తప్పనిసరి చేసినట్టే, రికార్డింగులు యూనివర్సిటీ సర్వర్‌లో పెట్టనిదే డిగ్రీ ఇవ్వకూడదని నియమం పెట్టడానికి ఏం అడ్డం? వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, పరీక్షకులు “ఫలానా పేజీలో ఉన్న వాక్యం వినిపించండి” అని ఒక్కసారి అడిగితే చాలు, మరుసటి ఏడాది నుంచి థీసిస్‌ల తీరే మారిపోతుంది.

రికార్డు చేసేముందు ఆ మనిషి అనుమతి తీసుకోవాలి, ఎందుకు చేస్తున్నామో, ఎవరెవరు వింటారో అతని భాషలో చెప్పాలి, చదువు రాని మనిషి దగ్గర ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం అనుమతి కాదు, నోటితో చెప్పించి ఆ అనుమతినే రికార్డు చెయ్యాలి. వద్దంటే తీసెయ్యాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, గొంతును యంత్రాలు అనుకరించే రోజులివి, ఆ ముసలమ్మకు ఇది తెలియకపోవచ్చు, మనకు తెలుసు కదా. పని అయ్యాక ఒక కాపీ వాళ్ళ ఇంటికి, ఊరి బడికి ఇవ్వాలి.

డబ్బు లేదంటారు, ఆడపిల్లలు ఊళ్ళు తిరగడం కష్టమంటారు, మూడేళ్ళలో అయ్యేది కాదంటారు. కష్టం నిజమే, ముఖ్యంగా ఫెలోషిప్ లేని పిల్లలకు బస్సు చార్జీలే భారం, యూనివర్సిటీలు ఫీల్డ్ వర్క్‌కు విడిగా డబ్బు ఇవ్వాలి. అంతవరకూ జిల్లా మొత్తం మాండలికం అని పెద్ద పేర్లు పెట్టుకోవడం మానెయ్యండి. మీ ఊళ్ళో ఒక్క పని తీసుకోండి, వడ్రంగమో, చేపల వేటో, గొర్రెల పెంపకమో, బీడీలు చుట్టడమో. ఆ పని చేసే పదిమందిని, ముగ్గురు ముసలివాళ్ళు, నలుగురు నడివయసు వాళ్ళు, ముగ్గురు కుర్రాళ్ళు, ఆడా మగా కలిసి ఉండేట్టు చూసుకోండి. ఒక్కొక్కరితో పనిచేసేచోటే అరగంట మాట్లాడండి. దాన్ని నిజాయితీగా రాస్తే నాలుగు వందల పేజీల థీసిస్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. మీకు ప్రతి మండలంలో విలేకరులున్నారు, జిల్లా ఎడిషన్లున్నాయి. మా పిల్లలు ఇలా సేకరించినవి వారానికి ఒక అర పేజీ వెయ్యండి, మాట, ఊరు, చెప్పిన మనిషి వయసు, పని, రికార్డింగ్ వినడానికి ఒక క్యూఆర్ కోడ్, ఇంతే. పాఠకులు “మా ఊళ్ళో ఇలా అనరు, అలా అంటారు” అని తప్పకుండా ఉత్తరాలు రాస్తారు. వాటిని కూడా పారెయ్యకుండా మాకు పంపండి, ఏ ఊరికి వెళ్ళాలో మా విద్యార్థులకు తెలుస్తుంది.

ఇట్లు,
ఒక భాషాశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ